సెలవు కంటే ముందు వచ్చిన విగ్రహం

ఏటా అక్టోబరు 23న థాయ్‌లాండ్‌లో ప్రభుత్వ కార్యాలయాలకు సెలవు. బ్యాంకాక్‌లో గుర్రమెక్కిన ఓ రాజు కంచు విగ్రహం చుట్టూ మాత్రం ఆ రోజు ఇసుక వేస్తే రాలనంత జనం. ఉద్యోగులు, విద్యార్థులు పూలచక్రాలతో వస్తారు. 1910లో ఇదే తేదీన కన్నుమూసిన ఐదో రాముడు, అంటే చులాలాంగ్‌కోర్న్ రాజు స్మారక దినం అది.

1868లో గద్దెనెక్కేనాటికి ఆయనకు పదిహేనేళ్ళు. పెత్తనమంతా రాజప్రతినిధి సీ సురియవోంగ్‌ది. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లోనూ ఇదే కథ. 1869లో నిజామైన మహబూబ్ అలీ ఖాన్ మూడేళ్ళు నిండని పసివాడు. రాజ్యభారం సాలార్‌జంగ్ మోశాడు. మహబూబ్ కాలంలోనే గోదావరి వ్యాలీ రైలు మార్గం మేడ్చల్ ప్రాంతం గుండా మన్మాడ్ దాకా సాగింది. అక్కడ సయాంలో (థాయ్‌లాండ్ పాత పేరు) చులాలాంగ్‌కోర్న్ కూడా రైళ్ళు వేయించాడు, పాలనను కొత్తగా తీర్చాడు. ఆయన చేసిన పనుల్లో రెండు మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

మొదటిది 1873లో. మైనారిటీ తీరి రెండోసారి పట్టాభిషేకం జరిగిన నాడే, రాజు ఎదుట సాష్టాంగపడే ఆచారాన్ని రద్దు చేశాడు. అది ఒకరు ఇంకొకరిని అణచడానికి పనికొచ్చే ఆచారమన్నది ఆయన చెప్పిన కారణం.

రెండోది బానిసత్వం. అప్పు తీర్చలేక తమను, తమ బిడ్డలను తాకట్టు పెట్టుకున్న కుటుంబాలు సయాంలో కోకొల్లలు. ఒక్క కలంపోటుతో రద్దు చేస్తే, ఆ మనుషుల మీదే బతికే ప్రభువులు ఎదురుతిరుగుతారు. అందుకే 1874 శాసనం వేరే దారి పట్టింది. రాజు గద్దెనెక్కిన 1868 నుంచి పుట్టిన బానిస బిడ్డల విలువ ఎనిమిదేళ్ళు దాటాక ఏటా తరుగుతూ ఇరవై ఒకటో ఏట సున్నా కావాలి. ఇక 1905 చట్టంతో పుట్టుకతో వచ్చే బానిసత్వమే పోయింది. మిగిలినవారి అప్పులోంచి నెలకు నాలుగు బాట్లు తగ్గిస్తూ వచ్చారు. ముప్పై ఏళ్ళ ఓపిక! ఇంత నెమ్మది న్యాయమా అని అడగొచ్చు. కానీ ఆ విముక్తి కోసం సయాంలో యుద్ధం జరగలేదు.

దేశాన్ని వలస కాకుండా కాపాడాడన్న కీర్తికి మూల్యమూ ఉంది. 1893లో లావోస్ వైపు నేల, 1907లో అంగ్‌కోర్ ప్రాంతం ఫ్రెంచివారికి, 1909లో మలయా సంస్థానాలు బ్రిటిష్‌వారికి వదులుకోవలసి వచ్చింది. బౌద్ధ లోకంలో మాత్రం ఆయన ప్రతిష్ఠ పెరిగింది. 1898లో మన దేశంలోని పిప్రహ్వా స్తూపంలో దొరికిన, బుద్ధుడివిగా భావించే ధాతువులను బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకే అప్పగించింది. ఆయన సింహళం, బర్మాలకూ పంచి, తన వంతును బ్యాంకాక్ స్వర్ణగిరి మీద ప్రతిష్ఠించాడు.

విగ్రహం ఆయన బతికుండగానే లేచింది. నలభై ఏళ్ళ పాలనకు గుర్తుగా ప్రజలు చందాలు వేసుకుంటే పారిస్‌లో పోతపోశారు. 1908 నవంబరు 11న ఆవిష్కరించారు. ‘పియమహారాజు’ అన్న బిరుదు అప్పటిదే. సెలవు ప్రకటన 1912లో, కొడుకు వజిరావుధ్ కాలంలో వచ్చింది. మిగిలిన చందా డబ్బు 1917లో ఏర్పడిన చులాలాంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయానికి ఉపయోగపడింది.

1990ల నాటికి ఆ భక్తి పూజగా మారింది. ఆయన పుట్టిన వారమైన మంగళవారం రాత్రి వ్యాపారులు, ఉద్యోగినులు గులాబీరంగు పూలు, బ్రాందీ, చుట్టలు తెచ్చి విగ్రహానికి సమర్పించి కోరికలు కోరుకుంటారు. పాముకాటుకు నిజాం మహబూబ్ పాషా పేరు తలచుకున్న హైదరాబాదీలకు ఇది కొత్తగా తోచదు.

సాష్టాంగం రద్దుచేసిన రాజు విగ్రహం ముందే ఇప్పుడు సాష్టాంగపడుతున్నారు. 2017లో ఆయన పేరున్న విశ్వవిద్యాలయంలోనే కొత్త విద్యార్థుల ప్రమాణోత్సవంలో కొందరు అలా వంగడానికి ఒప్పుకోలేదు. నిలబడే నమస్కరించి వెళ్ళిపోయారు; 1873 నాటి ఆ రద్దునే తమ సాక్ష్యంగా చూపారు.