శిరసావహించి చెప్పిన ‘కాదు’

స్పానిష్ భాష నేర్వబూనిన ఆంగ్లేయుడు మొదటి పాఠములలోనే తడబడే చోటు ఒకటున్నది. ‘ఎవరూ రాలేదు’ అనడానికి స్పెయిను దేశస్థులు ‘నో వీనో నాదియె’ అంటారు. ‘నో’ అన్నది ఒక నిషేధము, ‘నాదియె’ అన్నది మరొకటి. రెండు కాదులు కలిస్తే ఒక అవును అవుతుందని బడిలో వల్లించిన ఆంగ్లేయునికి ఇది తర్కమునకు నిలువని మాటగా తోస్తుంది. నిజమునకు ఆ సూత్రము అతని భాషకు కూడా పుట్టుకతో వచ్చినది కాదు. 14వ శతాబ్దములో ఛాసర్ కవి ఒకే వాక్యములో రెండు మూడు నిషేధములను నిస్సంకోచముగా వాడినాడు. బిషప్పు రాబర్ట్ లౌత్ మొదలైన 18వ శతాబ్దపు వ్యాకర్తలే ఆ అలవాటును తప్పుల పట్టికలోనికి ఎక్కించినారు. మన శ్రోతలకు ఈ చిక్కు ఉండదు. ‘ఎవరూ’, ‘ఏమీ’ అన్న తరువాత ‘లేదు’ అన్నది రాకపోతే మన చెవికే ఏదో వెలితిగా ఉంటుంది.

‘ఏమీ లేదు’ అనే అర్థములో స్పానిష్‌లో వాడే ‘నాదా’ అన్న మాట చరిత్ర మరింత వింతయైనది. లాటిన్‌లో ‘నాతా’ అంటే పుట్టినది. ‘పుట్టిన వస్తువేదీ కనబడలేదు’ అని అనగా అనగా, పక్కనున్న ‘కాదు’ యొక్క నీడ దీనిపై పడి, పుట్టినది కాస్తా శూన్యమైనది! ‘నాదియె’ పుట్టుక కూడా ఇటువంటిదే.

వ్యాకరణమును ఇంతటితో విడిచిపెడదాము. ఆ దేశస్థులు తమ రాజునకే ‘కాదు’ అని చెప్పిన తీరు అంతకంటె వినదగినది.

‘ఒబెదెస్కో, పెరో నో కుంప్లో’ అని ఒక వాక్యమున్నది. దీనిని ఆంగ్లములోనికి మార్చినవారు ‘ఆజ్ఞకు లోబడుతున్నాను, కాని నెరవేర్చను’ అన్న అర్థము వచ్చేటట్లు వ్రాస్తారు. చదివిన ఆంగ్లేయుడు నవ్వుకుంటాడు. లోబడడమంటేనే నెరవేర్చడము కదా, ఇది స్పెయిను ఉద్యోగుల కపటమని తేల్చివేస్తాడు. అది తొందరపాటని నా అభిప్రాయము. ‘ఒబెదెసేర్’ అన్న క్రియకు మూలమైన లాటిన్ పదములో ‘వినడము’ అన్న ధాతువు దాగియున్నది. ‘కుంప్లీర్’ అన్నది ‘నింపడము’ అన్న దానినుండి వచ్చినది. ‘ప్రభువు మాట విన్నాను, దానిని నింపలేదు’ అంటే వైరుధ్యమేమున్నది?

ఈ పద్ధతి కాస్టీలు రాజ్యములో మధ్యయుగములోనే పుట్టినది. దేశాచారమునకు, శాసనమునకు విరుద్ధముగా రాజు లేఖ వస్తే దానికి విధేయత చూపవలెనే గాని అమలు జరుపనక్కరలేదని 1379లో బూర్గోస్ నగరములోను, 1387లో బ్రివియెస్కాలోను కూడిన ప్రతినిధిసభల కాలమునాటికే స్థిరపడినది. లేఖ అందుకొన్న అధికారి దానిని ముద్దుపెట్టుకొని, తలపై నుంచుకొని, ‘ఇది నా ప్రభువు లేఖ’ అని విధేయత ప్రకటించేవాడు. శిరసావహించడమని మనము మాటవరుసకు అంటాము. వారు నిజముగానే చేసేవారు. ఆ పిమ్మట అమలును నిలిపి, కారణములను తెలుపుతూ రాజునకు మనవి పంపేవారు. రాజు తప్పు చేయడు, ఎవరో అతనికి తప్పు చెప్పియుంటారన్నది దీనికి ఆధారము. సముద్రమునకు ఆవల, నెలల తరబడి ప్రయాణము చేస్తేగాని ఉత్తరము అందని దేశములలో ఈ పద్ధతి అవసరము ఎంతో పెరిగినది.

దానికి గట్టి పరీక్ష 1542లో వచ్చినది. బార్తొలొమే దె లాస్ కాసాస్ అనే సన్న్యాసి మొరలు కొంత కారణముగా, అయిదవ చార్లెస్ ఆ యేడు నవంబరు 20వ తేదీన బార్సిలోనాలో నూతన శాసనములపై సంతకము చేసినాడు. అమెరికా ఆదివాసులను ఇకపై బానిసలను చేయరాదు. వారి చాకిరిని, పన్నును అనుభవించే ఎన్‌కొమియెందా హక్కు కొడుకులకు సంక్రమించక, హక్కుదారు చనిపోగానే రాజునకు చెందవలెను. భూస్వాములు భగ్గుమన్నారు.

మెక్సికోకు ఈ శాసనములను తెచ్చిన తెల్యో దె సాందొవాల్ 1544లో అక్కడి పరిస్థితిని చూచి, రాజప్రతినిధి ఆంతోనియో దె మెందోసాతో ఆలోచించి, వివాదమునకు మూలమైన భాగములను ఆపివేసినాడు. మనవి చేయడానికి రాయబారులు స్పెయినుకు వెళ్లినారు. పెరూలో బ్లాస్కో నూన్యెస్ వేలా పంతము పట్టినాడు. మనవులు పెడచెవిని పెట్టి శాసనమును అక్షరాలా అమలు జరుపబూనినాడు. న్యాయాధిపతులే అతనిని నిర్బంధించినారు, గొన్సాలో పిసారో తిరుగుబాటు లేవదీసినాడు. బందీగానుండి తప్పించుకొని సైన్యము కూర్చుకొన్న ఆ రాజప్రతినిధి 1546 జనవరి 18న కీతో సమీపములోని ఇన్యాకీతో యుద్ధములో ఓడి తల పోగొట్టుకొన్నాడు. రెండేండ్ల తరువాత పిసారోకు కూడా అదే గతి పట్టినది.

మెక్సికోలో నెత్తురు చిందలేదు గనుక మెందోసా నేర్పరియని చరిత్రకారులు మెచ్చుకొంటారు. నాకు మాత్రము ఆ మెప్పు పూర్తిగా రుచించదు. ఆ మర్యాదగల ‘కాదు’ ఎవరికి లాభించినది? దౌర్జన్యమునుండి ప్రజలను కాపాడడానికి పుట్టిన సూత్రము ఇక్కడ చాకిరి చేయించుకొనేవారికి అండయైనది. చాకిరి చేసేవారి మనవిని సముద్రము దాటించినవారు బహు కొద్దిమంది. 1545 అక్టోబరు 20న చక్రవర్తి వారసత్వమును గూర్చిన నిబంధనను రద్దు చేసినాడు. బానిసత్వముపై నిషేధము మాత్రము నిలిచినది.

ఆ యేడే చియాపాస్‌కు బిషప్పుగా వచ్చిన లాస్ కాసాస్, ఆదివాసులను బానిసలుగా ఉంచుకొన్నవారికి పాపవిమోచనము ఇవ్వరాదని తన పరిధిలోని గురువులను ఆదేశించినాడు. ఆ ఆజ్ఞను అక్కడి భూస్వాములెవరూ తలపై పెట్టుకొనలేదు. 1547లో ఆయన ఓడయెక్కి స్పెయిను చేరుకొన్నాడు. మరల అమెరికాకు రాలేదు.