సిగిరియా బండ మీద కోనేరు

ముప్పై ఏళ్లు చెరువు తూముల వెంట తిరిగినవాణ్ణి. శ్రీలంకలో సిగిరియా ఎక్కినప్పుడు అందరూ గోడమీది బొమ్మలకేసి పోతుంటే, నా చూపు నీళ్ల మీదే పడింది. 5వ శతాబ్దంలో తండ్రిని చంపి గద్దెనెక్కిన కాశ్యపుడు ఆ బండ నెత్తిన కోట కట్టుకున్నాడు. తమ్ముడు మొగ్గల్లానుడు దండెత్తి వస్తాడన్న భయం మరి! పైన రాయి తొలిచిన కోనేరు. కింద తోటలో చిల్లుల సున్నపురాతి పలకలు. గట్టి వానలు పడితే వాటిలోంచి నీళ్లు ఇప్పటికీ చిమ్ముతాయట. మోటారు లేదు, అంతా ఎత్తుపల్లాల లెక్కే.

1890లలో పురావస్తు అధికారి బెల్ దొర తవ్విస్తే మెట్లదారి మొదట్లో సింహపు పాదాలు బయటపడ్డాయి. మిగతా సింహం ఎప్పుడో కూలింది. అద్దంలా మెరిసేలా నున్నటి పూత పూసిన అద్దపుగోడ మీద పాతకాలపు యాత్రికులు గీకిన పద్యాల్లో 685 చదివి పురావస్తు పండితుడు పరనవితాన 1956లో అచ్చువేయించారు. మన కోటగోడల మీద పేర్లు గీకే కుర్రాళ్లను తిట్టే నా నోరు అక్కడ కాస్త తడబడింది.