పాత గిటార్ల పూత శుభ్రత

గిబ్సన్, మార్టిన్ సంస్థలు 1930ల నుంచి 1960ల దాకా చేసిన గిటార్లలో ఎక్కువ భాగానికి నైట్రోసెల్యులోజ్ లక్కర్ పూత ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఇది పసుపు తిరిగి, వెంట్రుకంత సన్నగా పగుళ్లిస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే నీరు ఆ పగుళ్లలోంచి చెక్కలోకి దిగి పూతను పైకి లేపవచ్చు. మెత్తని నూలుగుడ్డతో దుమ్ము తీసి, జిడ్డు మరకపై నోటి ఆవిరి ఊది తుడవడమే మేలు. చాలా మరకలు అంతటితోనే వదులుతాయి. ఎసిటోన్ ఈ పూతను కరిగించేస్తుంది. అంతకుముందు కాలపు షెల్లాక్ పూత పాడవడానికి ఆల్కహాల్ చాలు. సిలికాన్ పాలిష్ పగుళ్లలో చేరితే, మరమ్మతులో వేసే కొత్త లక్కర్ అక్కడ సరిగా పట్టదు. రాపిడి పాలిష్‌తో మెరిపించడమంటే అసలు పూతను అరగదీయడమే. మెరుపు తగ్గినా అసలు పూత నిలిచిన గిటారుకే సేకర్తలు ఎక్కువ ధర పెడతారు. రబ్బరు స్టాండు తగిలినచోట కూడా లక్కర్ మెత్తబడి మచ్చ పడుతుంది.