అంగ్కోర్‌వాట్ ఎవరిది?

కాంబోడియా చూసొచ్చిన మనవాళ్ళు తరచుగా చెప్పే మాట ఒకటుంది: ‘అంతా మన గుడేనండీ, అన్నీ మన కథలే.’ అందులో నిజం లేకపోలేదు. అంగ్కోర్‌వాట్ 12వ శతాబ్దం మొదటి సగంలో రెండవ సూర్యవర్మ విష్ణువుకి కట్టించిన గుడి. అంగ్కోర్ అనే పేరే ‘నగర’ శబ్దం నుంచి వచ్చింది. కురుక్షేత్రం నుంచి క్షీరసాగర మథనం దాకా అన్నీ గోడల మీదే ఉన్నాయి. కథలన్నీ తెలిసినప్పుడు ఇక గైడెందుకు అనిపిస్తుంది.

మాకు దొరికిన గైడు నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. లోపలికి వెళ్ళగానే కుడివైపు తిప్పాడు. ఇక్కడి శిల్పాల వరస గోడని ఎడమచేతి వైపు ఉంచుకుని నడిచేవాళ్ళ కోసం చెక్కింది. అంటే మన ప్రదక్షిణానికి ఎదురు దిక్కు. గుడి ముఖం కూడా పడమరకే. రాజు చనిపోయాక ఆయనకి పెట్టిన పేరు పరమవిష్ణులోక. ఈ గుడి ఆయన మరణానంతర వైభవం కోసం కూడా కట్టిందేనని చాలామంది పండితులు అనడానికి ఇలాంటివే ఆధారాలు.

కురుక్షేత్రం దాటి మలుపు తిరిగితే దక్షిణపు గోడ మీద పురాణం లేదు. సూర్యవర్మే కొలువుతీరి ఉన్నాడు. మంత్రులు, ఏనుగులెక్కిన సేనానులు, పక్కన ఖ్మేర్ భాషలో పేర్లు. ఆ తర్వాత వస్తుంది తూర్పు గోడమీద దాదాపు 49 మీటర్ల పొడవున పాలసముద్రం. వాసుకికి అటు 92 మంది అసురులు, ఇటు 88 మంది దేవతలు. మా బృందంలో ఒకాయన ‘చూశారా, మనవాళ్ళు ఎంత దూరం వచ్చి కట్టారో’ అన్నాడు. గైడు నవ్వి, ‘కథ మీ దగ్గర్నుంచి వచ్చింది సార్. రాయి మోసింది, చెక్కింది మావాళ్ళు’ అన్నాడు.

వచ్చినవాళ్ళంతా ఇక్కడ తమ ఊరినే చూసుకున్నారు. 17వ శతాబ్దంలో వచ్చిన జపాను యాత్రికులు ఇదే బుద్ధుడి జేతవనం అనుకున్నారు. 1632లో వచ్చిన ఒకాయన స్తంభం మీద రాసిన సిరా రాత ఇంకా ఉంది. 1860లో వచ్చిన ఫ్రెంచివాడు ఆన్రీ మూవో దీన్ని ‘కనుక్కున్నాడు’ అని చాలాకాలం పుస్తకాలు చెప్పాయి. మరి గుడి ఆవరణలోనే బౌద్ధ భిక్షువులు ఉంటున్నారు కదా! వాళ్ళకి తెలియకుండా పోయిందెప్పుడు?

అయితే పోవడమంటే ఏమిటో దగ్గర్లోని బాపువాన్ గుడి చెబుతుంది. 11వ శతాబ్దపు ఈ గుడి కూలిపోతుంటే, తిరిగి కడదామని ఫ్రెంచి నిపుణులు 1960 ప్రాంతంలో రాయీ రాయీ విప్పి, గుర్తులు రాసుకుని, చుట్టూ అడవిలో పేర్చారు. సుమారు 3 లక్షల రాళ్ళు. యుద్ధమొచ్చి పని ఆగింది. ఏ రాయి ఎక్కడిదో రాసిన కాగితాలు నాశనమయ్యాయి. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ పాలనలో పదిహేను లక్షల మందికి పైగా చనిపోయారు. చదువుకున్నవాళ్ళని వెతికి మరీ చంపారు. ఆ పాలకుల జెండా మీద ఉన్నవీ అంగ్కోర్ గోపురాలే.

అక్కడి మెట్ల మీద కూర్చుని గైడు చెప్పాడు: ‘మా ఇంట్లో ఈ కథలు చెప్పే పెద్దవాళ్ళు మిగల్లేదు. నేను పుస్తకాల్లో చదువుకుని, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను.’

కథ మనది కావచ్చు. దాన్ని పోగొట్టుకుని మళ్ళీ నేర్చుకున్నవాడు మనకి దాన్ని చెబుతున్నాడు. బాపువాన్ పని 1995లో మళ్ళీ మొదలై 2011లో పూర్తయింది. సున్నం లేకుండా పేర్చిన కట్టడం కాబట్టి ప్రతి రాయికీ ఒక్కటే చోటు. కాగితాలు లేకపోయినా కొలిచి, సరిచూసి, ఆ చోటు వెతికారు.