దక్కనులో అత్తరు మర్యాదలు: పూత నుంచి చిలకరింపు దాకా

దక్కను సీమలో పరిమళ ద్రవ్యాల వాడుక చాలాకాలం పాటు ఎవరి ఇష్టానికి వారిని వదిలిపెట్టిన విషయంగా ఉండలేదు. ఏ ఋతువులో ఏది పూసుకోవాలో వైద్యశాస్త్రం చెప్పేది, ఏ వారం ఏది సమర్పించాలో ఆలయాచారం నిర్ణయించేది, ఎవరి చేతి మీదుగా ఎవరికి అందాలో కొలువు మర్యాద శాసించేది. ఎవరికి వారు సీసా తీసి ఒంటిమీద చిలకరించుకునే పద్ధతి ఈ చరిత్రలో బాగా ఆలస్యంగా వచ్చి చేరింది.

ఋతువును బట్టి పూత మారాలన్న నియమానికి ఆధారం ఆయుర్వేదంలోని ఋతుచర్య, అంటే కాలానుగుణంగా ఆహారవిహారాలను మార్చుకునే విధానం. వాగ్భటుని అష్టాంగహృదయం హేమంతంలో కస్తూరి కలిపిన కుంకుమపువ్వు పూతను, అగరు ధూపాన్ని విధించి, శరత్తు రాగానే చందనం, వట్టివేరు, కర్పూరాల వైపు మళ్లమంటుంది. వేడి చేసే ద్రవ్యం చలికాలానికి, చలువ చేసేది ఎండకాసే రోజులకు అన్నదే ఇందులోని లెక్క. ద్రవ్యాలను కలిపే విద్యకు గంధయుక్తి అని పేరు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికి ఒక అధ్యాయమే కేటాయించి, 16 ద్రవ్యాల నుంచి నాలుగేసి ఎంచి పాళ్లు మారుస్తూ పోతే 1,74,720 గంధాలు తయారవుతాయని గణించాడు. అన్నింటినీ నూరి చూసిన గాంధికుడు ఉండి ఉంటాడని అనుకోనక్కరలేదు గాని, సువాసనను గణితానికి లొంగే విషయంగా భావించిన ఆ ధీమా గమనింపదగినది. 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో రాజభోగాలను వివరిస్తూ స్నానం, తాంబూలం, వస్త్రం, మాల్యాలతో పాటు విలేపనాన్ని, అంటే ఒంటికి పూసే గంధాన్ని కూడా ఒక భోగంగా లెక్కించాడు.

ఈ సరుకులు తెలుగునేలకు ఎలా చేరేవో తెలుసుకోవడానికి కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం బాగా ఉపకరిస్తుంది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, ఇకమీదట న్యాయమైన సుంకం మినహా ఏమీ తీసుకోబోమనీ సముద్రవర్తకులకు మాట ఇచ్చిన ఆ శాసనం, సుంకం కట్టవలసిన వస్తువులలో చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, పునుగు, కర్పూర తైలాలను పేర్కొంటుంది. రాగి, సీసం, పట్టునూలు, పగడాల సరసన పునుగు ఒక వాణిజ్య వస్తువుగా నిలబడిందంటే, దాని గిరాకీ అంతఃపురాలకే పరిమితమై ఉండదు. పునుగుపిల్లి గ్రంథుల నుంచి వచ్చే ఈ జిడ్డు పదార్థం ముద్దగా ఉన్నప్పుడు ముక్కు మూసుకోవలసినంత ఘాటుగా ఉంటుంది. తైలంలో కొద్దిగా కలిసినప్పుడే ఆ ఘాటు పరిమళంగా మారుతుంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం తరువాత మూలమూర్తికి పునుగు తైలం పూయడం నేటికీ సాగుతున్నది గనుక, సందర్భాన్ని బట్టి సుగంధాన్ని ఎంచే పాత పద్ధతి తెలుగువారికి కళ్లెదుట మిగిలిన చోట్లలో అది ముఖ్యమైనది.

పూతకు బదులు చుక్కలతో సరిపెట్టే అత్తరు మొగలుల కాలంలో ప్రాబల్యానికి వచ్చింది. గులాబీ అత్తరును నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం కనిపెట్టిందని జహంగీరు తన ఆత్మకథలో రాసుకున్నాడు: పన్నీరు కాచేటప్పుడు గిన్నెల్లో వేడి పన్నీటి మీద తేలిన తెట్టును ఆమె కొంచెం కొంచెంగా తీసి కూడబెట్టిందట. ఉత్తరప్రదేశ్‌లోని కనోజులో నేటికీ కనిపించే అత్తరు తయారీ విధానం ఇలా ఉంటుంది. పూలనూ నీటినీ నింపిన డేగ్ అనే రాగి పాత్ర మూతకు బంకమట్టి మెత్తి ఆవిరి బయటికి పోకుండా బిగిస్తారు. ఆ ఆవిరి వెదురు గొట్టం గుండా, చన్నీళ్ల తొట్టిలో ఉంచిన భప్కా అనే పాత్రలోకి దిగి, అందులో ముందే పోసి ఉంచిన చందన తైలంలోకి తన వాసనను వదులుతుంది. తైలం ఆ వాసనను పట్టి ఉంచడం వల్లనే మణికట్టు మీద ఒక్క చుక్క గంటల తరబడి నిలుస్తుంది. రెండో చుక్క వేసుకుంటే పక్కవారికి ఇబ్బంది.

దక్కను సుల్తానులు ఈ విద్యను శ్రద్ధగా పోషించారు. బిజాపూరును ఏలిన రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో నిజాముద్దీన్ మహమూద్ పారశీకంలో ఇత్ర్-ఎ-నౌరస్ షాహీ అనే సుగంధ గ్రంథం రచించాడు. అత్తరు చుట్టూ పాత్రల పరిశ్రమ కూడా పెరిగింది. బీదరులో నల్లని లోహంపై వెండి పొదిగిన బిద్రీ అత్తరుదానులు తయారైతే, కరీంనగర్ కంసాలులు సన్నని వెండితీగను మెలిపెట్టి, చుట్టలు చుట్టి, చట్రంలో అమర్చి అతికే పనితో అత్తరుదానులను, పన్నీటి బుడ్లను చేశారు. తీగచుట్టల నడుమ ఖాళీలున్న ఆ అత్తరుదాను ద్రవాన్ని నిలిపేది కాదు. లోపల సీసాను దాచుకుని అతిథి ముందుకు రావడానికి తగిన హంగు అది.

అతిథి ముందుకు రావడమన్నదే ఇక్కడి అసలు విషయం. దర్బారులలో అత్తరు, పాన్ ఇచ్చారంటే సమావేశం ముగిసిందనీ, సెలవు తీసుకోవలసిన వేళ అయిందనీ అర్థం. లేవండని నోటితో చెప్పే మోటుతనం అవసరం లేకపోయేది. బ్రిటిషు పాలకులు ఈ మర్యాదను తీసుకుని దానికి అంతస్తుల పట్టిక తగిలించారు: సంస్థానాధీశునికి వైస్రాయి స్వయంగా అత్తరు, పాన్ అందిస్తే, ఆయన వెంట వచ్చిన సర్దారులకు విదేశాంగ కార్యదర్శి గాని, ఇంకా దిగువ అధికారి గాని ఇచ్చేవాడు. ఒక రాజు స్థాయి ఏమిటో ఎన్ని ఫిరంగులు మోగాయన్న దానితో పాటు అత్తరు ఎవరి చేతి నుంచి వచ్చిందన్న దాన్ని బట్టీ తేలేది. తెలుగు పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర ఆడపిల్లలు గంధం రాసి, పన్నీరు చిలకరించి, పటికబెల్లం చేతిలో పెట్టే ఆచారంలోనూ పరిమళం ఇచ్చేది ఆతిథ్యమిచ్చేవారే, కాకపోతే అక్కడది రాకకు గుర్తు.

కొలోన్ ఈ అత్తరుకు పూర్తిగా భిన్నమైన వస్తువు. జర్మనీలోని కొలోన్ నగరంలో స్థిరపడిన ఇటలీ పరిమళకారుడు యోహాన్ మరియా ఫరీనా 18వ శతాబ్దం తొలి దశకాల్లో నిమ్మజాతి పండ్ల తైలాలను మద్యసారంలో కరిగించి దీన్ని ప్రసిద్ధికి తెచ్చాడు. ఆయన సంస్థ మొదలైన సంవత్సరం 1709. మద్యసారం ఇట్టే ఆవిరై చల్లదనాన్నిస్తుంది, వాసనా త్వరగానే పోతుంది; అందుచేత చుక్కల లెక్క దీనికి పనికిరాదు, ధారాళంగా చల్లుకోవడం, మళ్లీ మళ్లీ చల్లుకోవడం దీని స్వభావంలోనే ఉంది. తెలుగు మధ్యతరగతి ఇళ్లలోకి ఇది యూడీకొలోన్ పేరుతో చాలావరకు జ్వరమొచ్చినవారి నుదుటి మీద తడిగుడ్డగా ప్రవేశించడం విచిత్రంగా తోచినా, చలువ కోసం పూత అన్న వాగ్భటుని లెక్కకు అది దూరమేమీ కాదు. హైదరాబాదులో పత్తర్‌గట్టీ, చార్మినార్ పరిసరాల అత్తరు దుకాణాలు కొలోను వచ్చాక కూడా మూతపడకపోవడానికి ఒక కారణం ఈ మద్యసారమే. నమాజుకు వెళ్లేవారిలో అనేకులు అది లేని తైలపు అత్తరునే కోరుతారు గనుక రంజాను మాసంలో అక్కడ రద్దీ పెరుగుతుంది. ఎండాకాలానికి ఖస్ అనే వట్టివేరు అత్తరు, తొలకరి మట్టివాసన ఇచ్చే మిట్టీ అత్తరు, చలికాలానికి హీనా, సుగంధ దినుసులు మేళవించిన షమామా అన్న విభజన అత్తరు వ్యాపారంలో ఇప్పటికీ నడుస్తున్నది. కొన్నవారు దూదిని అత్తరులో తడిపి చెవి మడతలో పెట్టుకోవడమూ మానలేదు.