జాతిహననమా, అస్తిత్వ నిర్మూలనమా? – నపుంసకుల చట్టం నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

క్వియర్ సముదాయాలపై రాజ్యం సాగించిన హింసను ‘జాతిహననం’ అనవచ్చునా? ఈ ప్రశ్న సాధారణంగా నాజీ జర్మనీ ప్రస్తావనతో మొదలవుతుంది. తెలుగు నేలకు దీనితో సంబంధం లేదనిపించవచ్చు. కాని 1919లో హైదరాబాదు సంస్థానం చేసిన నపుంసకుల చట్టం 2023 వరకు శాసన పుస్తకంలో నిలిచి ఉన్నది. ఆ చట్టాన్ని, దానికి మాతృక అయిన 1871 నాటి బ్రిటిష్ చట్టాన్ని ఆధారంగా చేసుకొని, పై ప్రశ్నకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదం – నిర్వచనం

‘జెనోసైడ్’ అనే మాటను రఫాయెల్ లెంకిన్ 1944లో కల్పించాడు. గ్రీకు ‘గెనోస్’ (జాతి, వంశం), లాటిన్ ‘సైడ్’ (వధ) దాని మూలాలు. 1946 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ చేసిన తీర్మానంలో జాతి, మత సమూహాలతోపాటు రాజకీయ సమూహాలకు, ‘ఇతర’ సమూహాలకు కూడా చోటుండేది. 1948 ఒడంబడిక నాటికి ఆ విశాలత తగ్గి జాతీయ, తెగ, వర్ణ, మత సమూహాలు నాలుగే మిగిలాయి. 1985లో బెంజమిన్ విటాకర్ సమర్పించిన నివేదిక స్త్రీలు, పురుషులు, స్వలింగ సంపర్కుల వంటి లైంగిక సమూహాలను కూడా చేర్చాలని సిఫారసు చేసింది. ఒడంబడిక పాఠం మాత్రం మారలేదు.

తెలుగులో ఇందుకు మారణహోమం, నరమేధం, జనసంహారం, జాతిహననం అనే మాటలు వాడుకలో ఉన్నాయి. మొదటి మూడూ వధను సూచిస్తాయే గాని ఉద్దేశాన్ని సూచించవు. నాలుగవదానిలో ఒక చిక్కున్నది. తెలుగు ‘జాతి’ చాలా విశాలమైన మాట. ఆడజాతి, మగజాతి అనడం మన వాడుకలో సహజం. అందువల్ల న్యాయశాస్త్రం ఒప్పుకోని అర్థాన్ని కూడా తెలుగు మాట ఒప్పుకొన్నట్లు కనిపిస్తుంది. ఈ తేడాను గుర్తించకుండా సాగే చర్చ మాటల దగ్గరే తడబడుతుంది.

రెండు చట్టాలు

1871 నేరస్థ తెగల చట్టం రెండవ భాగం నపుంసకులకు సంబంధించినది. వాయవ్య పరగణాలు, పంజాబు, అవధ్ ప్రాంతాలను ఉద్దేశించి దానిని చేశారు. పిల్లలను అపహరిస్తారని గాని, వృషణచ్ఛేదం చేస్తారని గాని, 377వ సెక్షను కింది నేరం చేస్తారని గాని అనుమానం కలిగినవారి పేర్లు, వారి ఆస్తుల వివరాలు రిజిస్టరులో చేర్చాలి. అలా నమోదైన వ్యక్తి స్త్రీ వేషంలో కనిపించినా, బహిరంగంగా ఆడి పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. శిక్ష రెండేళ్ల వరకు ఉండేది. పదహారేళ్ల లోపు బాలుడిని దగ్గర ఉంచుకోవడం నేరం. సంరక్షకులుగా ఉండడానికి, దానం చేయడానికి, వీలునామా రాయడానికి, దత్తత తీసుకోవడానికి వారికి అర్హత లేదు.

1911 నాటి నేరస్థ తెగల చట్టంలో నపుంసకుల అధ్యాయం లేదు. కాని ఎనిమిదేళ్ల తరువాత హైదరాబాదు సంస్థానం దాదాపు అదే నమూనాలో తన చట్టాన్ని (1329 ఫసలీ) తెచ్చింది. రిజిస్టరు, స్త్రీ వేషంపై శిక్ష, బాలుర విషయంలో నిషేధం అందులోనూ ఉన్నాయి. హైదరాబాదు నగరానికి, ప్రభుత్వం ప్రత్యేకంగా విస్తరింపజేసిన ఇతర చోట్లకు అది వర్తించేది.

డోన్ నుంచి చూస్తే ఈ చట్టం స్వభావం మరింత స్పష్టమవుతుంది. ద్రోణాచలం అనే పేరు కూడా ఉన్న ఈ రైల్వే కూడలి నాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లాలో ఉండేది. ఇక్కడ 377వ సెక్షను ఉన్నది గాని నపుంసకుల రిజిస్టరు చట్టం లేదు. తుంగభద్రకు ఆవల నిజాం రాజ్యం. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమైన తరువాత కూడా ఆ శాసనం ‘తెలంగాణ ప్రాంతం’ పేరుతో కొనసాగింది. డోన్‌లో రైలెక్కి హైదరాబాదులో స్థిరపడిన హిజ్రా, ఒకే రాష్ట్రంలో ఉంటూనే, పుట్టిన ఊళ్లో లేని అనుమానితుల జాబితా పరిధిలోకి వచ్చే స్థితి ఏర్పడింది. ఆ వ్యక్తి నడవడిలో ఏ మార్పూ లేదు. మారినది శాసన పరిధి మాత్రమే.

వాదం – ప్రతివాదం

ఈ చట్టాలను జాతిహనన చర్చలోకి తెచ్చే ప్రధానాంశం ఉద్దేశం. ఉత్తర భారతంలోని బ్రిటిష్ అధికారులు హిజ్రా సమాజం క్రమంగా అంతరించాలని కోరుకున్న తీరును జెస్సికా హించీ తన 2019 నాటి గ్రంథంలో ప్రభుత్వ పత్రాల ఆధారంగా వివరించారు. హిజ్రా సమాజం కొనసాగేది ప్రసవం ద్వారా కాదు, గురు–చేలా సంబంధం ద్వారా. రేవతి ఆత్మకథను పి. సత్యవతి అనువాదంలో చదివిన తెలుగు పాఠకులకు ఈ బంధుత్వం పరిచితమే. దత్తతను, వీలునామాను నిషేధించడమంటే ఆ వారసత్వాన్ని తెంచడమే. ఒక్కరినీ చంపకుండానే తరువాతి తరం లేకుండా చేసే ఉపాయమిది.

బాలుర రక్షణ కోసమే ఈ చట్టం వచ్చిందనే వాదాన్ని తేలికగా తీసివేయరాదు. బాలుర వృషణచ్ఛేదం నిస్సందేహంగా క్రూరమైన నేరం. అయితే అపహరణ, తీవ్రమైన గాయం కలిగించడం 1860 శిక్షాస్మృతి ప్రకారమే శిక్షార్హాలు. చీర కట్టడాన్ని, వీధిలో పాడడాన్ని, వీలునామా రాయడాన్ని నిషేధిస్తే బాలురకు కలిగే రక్షణ ఏమిటి? శిక్ష పడినది కృత్యానికి కాదు, అస్తిత్వానికి.

అయినా ‘జాతిహననం’ అనడానికి రెండు అభ్యంతరాలు నిలుస్తాయి. మొదటిది, ఒడంబడికలోని నాలుగు సమూహాలలో హిజ్రాలు లేరు. రెండవది, ప్రతి పీడననూ ఆ పేరుతో పిలిస్తే పదానికున్న నిర్దిష్టత పలచబడుతుంది. నాజీ పాలనలో 175వ పేరా కింద దాదాపు లక్షమంది అరెస్టయ్యారు. 5,000 నుంచి 15,000 మంది నిర్బంధ శిబిరాలకు వెళ్లారు. ఆ హింసను కూడా పలువురు చరిత్రకారులు యూదుల సంహారం నుంచి వేరుగానే వివరిస్తారు. స్వలింగ సంపర్కులందరినీ వెతికి చంపడం కంటే, ఆ ప్రవర్తనను జర్మను సమాజం నుంచి తొలగించడం అక్కడ లక్ష్యమైంది. అంతర్జాతీయ న్యాయంలో ఇటువంటి హింసకు ‘మానవాళిపై నేరం’ అనే విభాగంలో ‘పీడన’ అనే వేరు పేరున్నది.

ముగింపు

నపుంసకుల చట్టాన్ని న్యాయార్థంలో జాతిహననం అనలేము. అంతమాత్రాన దానిని కేవలం వివక్ష అనడం కూడా సరికాదు. వివక్ష ఒక సమూహాన్ని తక్కువ స్థానంలో ఉంచుతుంది. ఈ శాసనాలు ఆ సమూహం అనే రూపమే మిగలకూడదన్నాయి. అందువల్ల ‘అస్తిత్వ నిర్మూలనం’ అనే మాట ఇక్కడ ఉచితమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. హిజ్రా సమాజం నిలిచి ఉండడం ఆ ప్రయత్నం విఫలమైందనడానికి సాక్ష్యం. ఉద్దేశం లేదనడానికి కాదు.

వైజయంతి వసంత మొగ్లి తదితరులు దాఖలు చేసిన వ్యాజ్యంలో 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 1952లో దేశమంతటా నేరస్థ తెగల చట్టం రద్దయిన తరువాత కూడా ఇది మరి ఏడు దశాబ్దాలు మిగిలి ఉన్నది. జాతిహననం అనే పెద్దమాట కోసం సాగే వాదంలో ఈ చిన్న శాసనాలు కంటపడవు. వాటిని చదివి, ఏ సెక్షను ఏ బంధాన్ని తెంచిందో నమోదు చేయడం పేరు పెట్టడానికి ముందు జరగవలసిన పని.