బరకా మీట్స్ బరకా: జెద్దాలో మగ ఒఫీలియా

ప్రాచీన నాటకాన్ని తెరకెక్కించేటప్పుడు పాత్ర లింగాన్నే మార్చడం ఒక పద్ధతి. పాత్రను అలాగే ఉంచి నటించే మనిషిని మార్చడం మరొకటి. 1921 నాటి జర్మన్ మూకీ 'హామ్లెట్' మొదటి కోవలోది. వారసుడి కోసం రాకుమారుడిగా పెంచిన ఆడపిల్లే అందులో హామ్లెట్. ఆ పాత్రను ఆస్టా నీల్సన్ పోషించింది. జూలీ టేమర్ 2010లో తీసిన 'ది టెంపెస్ట్'లో ప్రాస్పెరో ప్రాస్పెరా అయింది; నటి హెలెన్ మిర్రెన్.

సౌదీ అరేబియా ఉదాహరణ రెండో కోవకు చెందుతుంది. మహమూద్ సబ్బాగ్ 2016లో తీసిన ప్రేమ హాస్యచిత్రం 'బరకా మీట్స్ బరకా'లో కథానాయకుడు జెద్దా మునిసిపాలిటీ ఉద్యోగి. పగలు వీధుల్లో నిబంధనలు అమలు చేస్తాడు; తీరిక దొరికితే ఔత్సాహిక బృందంతో 'హామ్లెట్' రిహార్సల్ చేస్తాడు. బృందమంతా మగవాళ్లే కనుక ఒఫీలియా వేషం అతనికి పడుతుంది. షేక్‌స్పియర్ కాలంలోనూ ఆ వేషం కట్టింది అబ్బాయిలే కాబట్టి, స్త్రీలను వేదికకు దూరం పెట్టిన ఆంక్ష తనకు తెలియకుండానే నాటకాన్ని దాని తొలి రూపానికి చేర్చింది. సినిమాలోని అసలు చమత్కారం ఇదే. స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలను ఎరిగిన తెలుగువారికి ఇది వింతేమీ కాదు. అయితే స్థానం వేషంలో కళ ప్రధానం, ఇక్కడ వ్యంగ్యం ప్రధానం.

కథానాయకుడు బరకాగా హిషామ్ ఫగీహ్, అతను మనసుపడే బీబీగా ఫాతిమా అల్ బనావి నటించారు. బెర్లిన్ చిత్రోత్సవం ఫోరం విభాగంలో ఈ చిత్రానికి ఎక్యుమెనికల్ జ్యూరీ బహుమతి వచ్చింది. ఆస్కార్‌కు సౌదీ ఎంట్రీగానూ వెళ్లింది. అప్పటికి స్వదేశంలో వాణిజ్య థియేటర్లు లేవు. రియాద్‌లో అవి తిరిగి తెరుచుకున్నది 2018 ఏప్రిల్‌లో.